తర్గోవిష్టె నుంచి కోస్లాదా దాకా: రుమేనియా వలస దారిలో ఎనిమిది రోజులు

ఇటలీలో ఉంటున్న విదేశీయుల్లో అందరికన్నా ఎక్కువ మంది రుమేనియన్లే. వాళ్ల లెక్క పది లక్షలు దాటి చాలా ఏళ్లయింది. స్పెయిన్‌లో ఆరు లక్షల పైమాటే. ఈ అంకెలు విని వీళ్లు యూరప్ అంతటా చెల్లాచెదురయ్యారనుకుంటే పొరపాటు. ఏ ఊరివాళ్లు ఏ ఊరికి వెళ్లారో చాలావరకు వేలు పెట్టి చూపించవచ్చు. దంబోవిత్సా జిల్లా కేంద్రం తర్గోవిష్టె వాళ్లు స్పెయిన్ తూర్పు తీరంలోని కాస్తెయోన్‌కు వెళ్లారు. తెలెయోర్మాన్ జిల్లాలోని దొబ్రొతెష్టి గ్రామం వాళ్లు మాడ్రిడ్ పక్కనున్న కోస్లాదాకు వెళ్లారు. రుమేనియా ఈశాన్యాన ఉన్న బకావు చుట్టుపక్కల వాళ్లలో చాలామంది ఇటలీలోని తొరీనో చేరారు. మొదట వెళ్లిన నలుగురు గది చూసి, పని చూసి, కబురు పెడితే మిగతావాళ్లు కదిలారు. మనవైపు సిరిసిల్ల, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు దారి పడినట్టే ఇక్కడా దారి పడింది.

ఆ దారి దాదాపు 3,000 కిలోమీటర్లు. దాన్ని బస్సులోనే చూడాలి. విమానంలో వెళ్తే రెండు చివర్లు తప్ప ఏమీ కనబడదు. భారతీయ పాస్‌పోర్టుతో వెళ్లేవారికి ఇప్పుడొక వెసులుబాటు ఉంది. 2025 జనవరి 1 నుంచి రుమేనియా భూసరిహద్దులు కూడా షెంగెన్‌లో, అంటే తమ మధ్య సరిహద్దు తనిఖీలు ఎత్తేసిన యూరప్ దేశాల కూటమిలో, కలిశాయి కాబట్టి ఒకే షెంగెన్ వీసా మీద రుమేనియా, హంగేరీ, స్లొవేనియా, ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్ దాటవచ్చు. ఎక్కువ రోజులు ఉండే దేశానికే దరఖాస్తు పెట్టాలి. ఈ ప్రయాణంలో అది స్పెయిన్ అయ్యేలా చూసుకోండి. అక్టోబరు నడిమిలో, మంగళవారం బయల్దేరండి. అప్పటికి రుమేనియాలో నిల్వ పచ్చళ్ల కాలం చివరికొస్తుంది, స్పెయిన్‌లో కమలాల కోత మొదలవుతుంది, గురువారం మధ్యాహ్నానికి మీరు ఇటలీలో ఉంటారు. గురువారమే ఎందుకన్నది మూడో రోజు తెలుస్తుంది.

మొదటి రోజు, మంగళవారం: తర్గోవిష్టె

ఒకప్పటి వలాకియా రాజ్యానికి రాజధాని ఈ ఊరు. కమ్యూనిస్టు నియంత చావుషెస్కు దంపతులను 1989 డిసెంబరు 25న కాల్చింది ఇక్కడి సైనిక శిబిరంలోనే. కానీ వలస కథకు మూలం కోటలోనో శిబిరంలోనో లేదు, ఊరి అంచునున్న ప్రత్యేక ఉక్కు కర్మాగారంలో ఉంది. 1990లలో అక్కడా, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనూ ఉద్యోగాలు తెగ్గోశారు. చేతిలో పనితనమున్న ఫిట్టర్లు, వెల్డర్లు, క్రేన్ నడిపేవాళ్లు నలభై ఏళ్ల వయసులో ఇంటి దారి పట్టారు. స్పెయిన్‌లో అదే కాలంలో ఇళ్ల నిర్మాణం ఊపందుకుంది.

2002 జనవరి 1 దాకా స్పెయిన్ వెళ్లాలంటే వీసా కావాల్సి వచ్చేది. ఆ తర్వాత మూడు నెలల పాటు వీసా లేకుండా వెళ్లనిచ్చారు. అయితే రుమేనియా తన పౌరులనే సరిహద్దులో ఆపి తిరుగు టికెట్టు, వైద్య బీమా, కనీసం 500 యూరోల నగదు చూపమనేది. ఆ నగదు చాలామందికి అప్పు సొమ్ము. దాటాక వెనక్కి పంపేసేవారు, అదే సొమ్ము మరొకరితో మళ్లీ దాటేది. 2007 జనవరి 1న దేశం యూరోపియన్ యూనియన్‌లో చేరాక ఆ అవస్థ తప్పింది.

ఈ రోజు చూడాల్సింది ఒక వంటిల్లు, ఒక కార్యాలయం. వంటింట్లో జకూస్క తయారవుతుంటుంది. మన కాల్చిన వంకాయ పచ్చడికి దూరపు చుట్టం ఇది. మూడు కిలోల వంకాయలు, కారం లేని ఎర్ర కాపియా మిరప మూడు కిలోలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, వంకాయను జల్లెడలో గంటసేపు వాడుస్తారు. కిలో ఉల్లిపాయ ముప్పావు లీటరు నూనెలో మగ్గించి, లీటరు టొమాటో రసం పోసి, అన్నీ కలిపి సన్న సెగ మీద రెండు మూడు గంటలు తిప్పుతూ ఉడికిస్తారు. నూనె పైకి తేలితేనే దించాలి. వేడిగా ఉండగానే, ఓవెన్‌లో కాచిన సీసాల్లోకి ఎత్తి, మూత బిగించి, దుప్పట్లో చుట్టి మర్నాటి దాకా నెమ్మదిగా చల్లారనిస్తారు. ఇందులో తొందరపడితే ఫలితం బస్సు డిక్కీలో బయటపడుతుంది. వంకాయ నీరు మిగిలితే లోపల పులుస్తుంది, వెచ్చటి డిక్కీలో మూత ఉబ్బుతుంది, నూనె కారి పక్కవాళ్ల పెట్టె కూడా పాడవుతుంది. పైకి ఉబ్బిన మూత కనబడితే ఆ సీసాను పంపకూడదు, తినకూడదు.

సీసాలను నిలువుగానే పెట్టాలి, మధ్య మధ్య పాత తువ్వాళ్లు కుక్కాలి. పెట్టె రెండు వైపులా పేరు, ఫోను, దిగే ఊరు పెద్దక్షరాల్లో రాసి, లోపల అదే రాసిన చీటీ ఇంకోటి పెట్టాలి. బయటి రాత చెరిగినప్పుడు పెట్టెను దాని మనిషి దగ్గరికి చేర్చేది ఆ లోపలి చీటీయే. ప్లం పండ్ల సారా త్సూయికా పంపేవాళ్లు మనిషికి పది లీటర్ల లోపు ఉంచుకోవాలి. అంతకు మించితే సొంత వాడకానికని నమ్మించడం కష్టం.

కార్యాలయం అంటే పురపాలక సంఘపు సాంఘిక సంరక్షణ విభాగం. తల్లీతండ్రీ ఇద్దరూ, లేదా బిడ్డను ఒంటరిగా పెంచుతున్న ఒక్కరు, పనికోసం దేశం దాటేముందు కనీసం 40 రోజుల ముందు ఇక్కడ తెలపాలి. బిడ్డ ఎవరి దగ్గర ఉంటుందో పేరు చెప్పాలి. పిల్లల హక్కుల చట్టానికి 2013లో తెచ్చిన సవరణలో ఇది ఉంది. ఆపైన న్యాయస్థానం ఆ సంరక్షకులకు తల్లిదండ్రుల అధికారాన్ని గరిష్ఠంగా ఏడాది పాటు అప్పగిస్తుంది. చాలామంది ఈ పని చేయరు. ఒకటి, పని కబురు వచ్చిన మూడో రోజే బస్సెక్కాల్సి వస్తుంది. రెండు, ఎక్కడ బిడ్డను లాక్కుంటారోనన్న భయం. నష్టం తర్వాత తెలుస్తుంది. బిడ్డకు ఆపరేషన్ పడితే సంతకం పెట్టే హక్కు నాయనమ్మకు ఉండదు, బడి మార్చాలన్నా ఉండదు. ఏ కాగితం మర్చిపోయినా ఫరవాలేదు గానీ ఇది మాత్రం చేయించుకునే వెళ్లాలి. ఏడాది గడిచేలోపు మళ్లీ పొడిగించుకోవాలన్న సంగతీ గుర్తుంచుకోవాలి.

రెండో రోజు, బుధవారం: ఓల్త్ లోయ మీదుగా నద్లాక్

పెద్ద బస్సా, వ్యానా అన్నది ముందే తేల్చుకోవాలి. వ్యాను ఇంటి గుమ్మం దగ్గర ఎక్కించుకుని అవతలి గుమ్మం దగ్గర దింపుతుంది, పెట్టెలు కిలోల లెక్కన తీసుకుంటుంది. అందుకే జనం దానివైపు మొగ్గుతారు. కానీ డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్లు మించని వాహనానికి యూరప్ డ్రైవింగు గంటల నియమం వర్తించదు. పెద్ద బస్సు డ్రైవరు నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగి తీరాలి, రోజుకు మామూలుగా తొమ్మిది గంటలకు మించి నడపకూడదు. బండిలోని టాకోగ్రాఫ్ అంతా రాసుకుంటుంది. వ్యానులో అలాంటి కట్టడి లేదు. ఒక్క డ్రైవరే పగలూ రాత్రీ నడిపి తెల్లవారుజామున కునుకు తీస్తే జరిగేది ప్రమాదమే. వ్యానే ఎక్కాల్సి వస్తే రెండో డ్రైవరు ఉన్నాడా అని ముందు అడగండి. లేడంటే దిగిపోండి.

ఉదయం పదింటికి బయల్దేరితే పితెష్టి దాటాక ఓల్త్ లోయ వస్తుంది. కొండల మధ్య మోటార్‌వే ఇంకా పూర్తి కాలేదు, నది పక్కనే పాత రోడ్డు మీద లారీల వెనక నెమ్మదిగా సాగాలి. సీబియూ నుంచి వేగం వస్తుంది. దాదాపు 550 కిలోమీటర్లు తిరిగి సాయంత్రానికి హంగేరీ సరిహద్దులోని నద్లాక్ చేరతారు.

ఇక్కడ ఇప్పుడు ఆగకుండా వెళ్లిపోవడమే విశేషం. 2024 చివరి దాకా ఆగస్టులో ఈ చోట గంటల తరబడి నిలబడేవాళ్లు. ఆగస్టు 15 మేరీమాత పండుగకు, పెళ్లిళ్లకు లక్షల మంది ఒకేసారి ఇంటికొచ్చి ఒకేసారి తిరుగుముఖం పట్టేవారు. షెంగెన్ వచ్చిందని గుర్తింపు కార్డును, అంటే వాళ్లు బులెతిన్ అనే దాన్ని, డిక్కీలోని సంచిలో పడేయకూడదు. రాత్రి అది అక్కరకొస్తుంది.

మూడో రోజు, గురువారం: పాదోవా

రాత్రంతా హంగేరీ, స్లొవేనియా. సెగెద్, బుదాపెష్ట్ శివార్లు, బాలతోన్ సరస్సు, మారిబోర్, ల్యుబ్ల్యానా. తెల్లవారుజామున ఇటలీ అంచున బస్సు ఆగవచ్చు. షెంగెన్ లోపలే అయినా 2023 అక్టోబరు నుంచి ఇటలీ స్లొవేనియా వైపు తనిఖీలు మళ్లీ పెట్టింది. కార్డు గడువు చూసుకోండి. చాలా ఏళ్లుగా బయటుండి గడువు దాటిన బులెతిన్‌తో తిరిగేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే. మీరైతే పాస్‌పోర్టు జేబులోనే ఉంచుకోండి.

ఎనిమిదింటికల్లా పాదోవాలో దిగి, విశ్రాంతి తీసుకుని, మధ్యాహ్నం రెండింటికి స్టేషన్ చుట్టుపక్కల తోటల్లోకి వెళ్లండి. బెంచీలన్నీ యాభై, అరవై ఏళ్ల స్త్రీలతో నిండి ఉంటాయి. చేతిలో అన్నం డబ్బా, చెవి దగ్గర ఫోను. వీళ్లే బదాంతెలు. ముసలివాళ్ల ఇంట్లోనే ఉండి కనిపెట్టుకునే మనుషులకు ఇటలీలో వాడే మాట అది. రుమేనియన్‌లోకి కూడా బదాంతా అని వెళ్లిపోయింది. ఇంటి పనివారి ఒప్పందం ప్రకారం వారంలో 36 గంటలు సెలవు, అందులో ఆదివారం 24, మరో రోజు 12. ఆ రెండో రోజు ఎక్కువ ఇళ్లలో గురువారమే. అందుకే ఊరంతా పనిరోజు హడావిడిలో ఉండగా ఈ తోటల్లో ఆదివారంలా ఉంటుంది.

ఒప్పందంలో ఉన్నదేమిటో తెలిసిన మనిషికి సగం రక్షణ. ఇంట్లోనే ఉండే బదాంతెకు వారానికి గరిష్ఠంగా 54 గంటల పని. ఏడాదికి 26 పనిదినాల సెలవు. డిసెంబరులో పదమూడో నెల జీతం. పని మానేటప్పుడు పోగుపడిన సేవాధనం. సొంతంగా లేవలేని మనిషిని చూసుకునేవాళ్లకు సీఎస్ తరగతి, తన పని తాను చేసుకోగలిగే మనిషి అయితే బీఎస్. ఈ రెండక్షరాల తేడా జీతంలో ప్రతి నెలా కనిపిస్తుంది. కాబట్టి నియామక పత్రం మీద ఏ తరగతి రాశారో మొదటి రోజే చూడాలి. పనిలో చేరే ముందురోజుకల్లా యజమాని సామాజిక భద్రతా సంస్థ ఇన్ప్స్‌కు తెలియజేయాలి. ఆపైన మూడు నెలలకొకసారి చందా కట్టాలి.

అసలు మోసం నల్లపనిలో కన్నా బూడిదరంగు పనిలో ఎక్కువ. కాగితమే లేకపోతే మోసమని అందరికీ తెలుసు. కాగితం ఉండి, అందులో 54కు బదులు 25 గంటలు రాస్తే? 24 గంటలు దాటితే గంటకు కట్టాల్సిన చందా రేటు తగ్గుతుంది, అందుకని ఆ గీత దాటించి 25 దగ్గర ఆపేస్తారు. మిగతా జీతం చేతికి ఇస్తారు. నెల నెలా వచ్చే డబ్బులో తేడా ఉండదు గనుక ఎవరూ గొడవపడరు. పని పోయిన రోజున నిరుద్యోగ భృతి 25 గంటల లెక్కనే వస్తుంది, పింఛనూ అంతే. పాతికేళ్లు పగలూ రాత్రీ కాసిన మనిషికి సగం బతుకే లెక్కలోకి వస్తుంది. ఇది దొంగతనమే, మరో పేరు పెట్టక్కర్లేదు. మందు ఒకటే. ఏడాదికొకసారి ఇన్ప్స్ నుంచి చందాల పట్టిక తీయించి, తన చేతిరాత డైరీలోని గంటలతో సరిచూసుకోవాలి. డైరీ రాయడం అలవాటు లేకపోతే ఈ రోజే మొదలుపెట్టాలి. తగువు న్యాయస్థానానికి వెళ్తే, పక్కింటివాళ్ల సాక్ష్యంతో పాటు ఆ డైరీ నిలబడుతుంది.

ఇంకో ప్రమాదం, ముసలాయన పోవడం. పనీ ఇల్లూ ఒకటే కాబట్టి రెండూ ఒకే రాత్రి పోతాయి. వారసులు బాకీ జీతానికి, నోటీసు కాలానికి జవాబుదారులు. దుఃఖంలో ఉన్నారని మొహమాటపడి సూట్‌కేసు సర్దుకుని వెళ్లిపోతే ఆ బాకీ మళ్లీ వసూలవడం కష్టం.

మనసు సంగతి కూడా చెప్పాలి. 2005లో ఇద్దరు ఉక్రెయిన్ మనోవైద్యులు ఈ స్త్రీలలో చూసిన నిద్రలేమి, దిగులు, ఎవరికీ చెందనన్న భావనకు ‘ఇటలీ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. రుమేనియాలో యాషి నగరపు సోకోలా మానసిక వైద్యశాలకు ఈ బాధతో తిరిగొచ్చినవాళ్లు చేరుతుంటారు. రాత్రి నాలుగైదుసార్లు లేపే రోగి దగ్గర ఏళ్ల తరబడి నిద్ర లేకపోవడం ఒక కారణం. తాను వేరొకరి తల్లిని చూసుకుంటుంటే తన తల్లిని, తన పిల్లలను వేరొకరు చూసుకోవడం రెండో కారణం. మన కోనసీమ, రాజంపేట వైపు నుంచి కువైట్ ఇళ్లకు వెళ్లిన ఆడవాళ్లను ఎరిగినవారికి ఈ రెండో కారణం విడమరచి చెప్పక్కర్లేదు. గురువారం మధ్యాహ్నపు ఆ బెంచీ కాలక్షేపం కాదు, వైద్యం. ఆ 12 గంటలు వదులుకుని అదనపు డబ్బుకు పనిచేయమంటే ఒప్పుకోకూడదనేది అందుకే.

నాలుగో రోజు, శుక్రవారం: తొరీనో

పాదోవా నుంచి రైల్లో మిలానో మీదుగా మూడున్నర నాలుగు గంటలు. ఈ నగరంలో విదేశీయుల్లో మొదటి స్థానం రుమేనియన్లదే. మగవాళ్లు ఎక్కువగా నిర్మాణంలో, ఆడవాళ్లు ఇళ్లలో. పోర్తా పలాత్సో సంతలో తిరిగితే కూరగాయల బేరం రుమేనియన్‌లో వినబడుతుంది.

కొత్తగా వచ్చినవాళ్ల కాగితాల వరుస తప్పకూడదు. మొదట పన్ను కార్యాలయంలో కోదిచె ఫిస్కాలె, అంటే పన్ను సంఖ్య. అది లేనిదే ఒప్పందం లేదు, అద్దె లేదు. తర్వాత పని ఒప్పందం. మూడు నెలలు దాటి ఉండాలంటే 2007 చట్టం ప్రకారం పురపాలక సంఘంలో నివాస నమోదు. దాని వెంటే ఆరోగ్య కార్డు. రుమేనియా నుంచి తెచ్చుకున్న యూరప్ ఆరోగ్య బీమా కార్డు తాత్కాలిక బసకే పనికొస్తుంది. దాన్నే నమ్ముకుని ఏళ్లు గడిపినవాళ్లు పెద్ద జబ్బు చేసినప్పుడు ఇరుక్కుంటారు.

పిల్లల కోసం 2007 నుంచి రుమేనియా ప్రభుత్వం స్పెయిన్, ఇటలీ బళ్లలో భాష, సంస్కృతి, నాగరికత అనే పాఠ్యక్రమం నడుపుతోంది. ఉచితమే. తల్లిదండ్రులు అడిగితే తప్ప రాదు, తగినంతమంది పిల్లలు కావాలి, తరగతి సాయంత్రాల్లో పడుతుంది. తండ్రి సైట్ నుంచి రాడు, తల్లికి సెలవుండదు, పిల్లను తీసుకెళ్లే మనిషి లేక పేరు నమోదై కూడా మానేస్తారు. పక్కపక్క ఇళ్లవాళ్లు వంతులేసుకున్న చోట మాత్రమే తరగతులు నిలిచాయి.

అయిదో రోజు, శనివారం: తీరం వెంట

సవోనా దగ్గర సముద్రం కనిపిస్తుంది. వెంతిమిల్యా దాటేటప్పుడు ఫ్రెంచి పోలీసులు ఎక్కుతారు, 2015 నవంబరు నుంచి అక్కడ తనిఖీ ఉంది. నీస్, ఆర్ల్, నీమ్, పెర్పిన్యాఁ. ఫ్రాన్స్‌లో మెట్టుమెట్టుకూ టోలు. స్పెయిన్‌లో అడుగుపెట్టాక ఏపీ-7 అనే మోటార్‌వే మీద లా జుంకేరా నుంచి తర్రగోనా దాకా 2021 సెప్టెంబరులో, అక్కడి నుంచి దక్షిణానికి 2020 జనవరిలో టోలు ఎత్తేశారు. వ్యానులవాళ్లకు ఇది బాగా కలిసొచ్చింది. బస్సులో కూచున్నవాళ్లకు ఈ రోజు నిద్ర తప్ప పని లేదు.

ఆరో రోజు, ఆదివారం: కాస్తెయోన్ దె లా ప్లానా

ఉదయం తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా ఆర్థొడాక్స్ ప్రార్థన. స్పెయిన్, పోర్చుగల్‌కు కలిపి రుమేనియన్ ఆర్థొడాక్స్ పీఠం 2008లో ఏర్పడింది. ఇటలీ పీఠమూ ఆ ఏడాదిదే. సొంత గుడి లేని చాలా ఊళ్లలో కాథలిక్కులు తమ చర్చిని కొన్ని గంటలు వాడుకోనిస్తారు. బల్ల మీద పేర్ల చీటీలు ఉంటాయి, బతికున్నవారివి ఒకవైపు, పోయినవారివి ఒకవైపు. పోయినవారి కోసం ఉడికించిన గోధుమలు, చక్కెర, అక్రోటులతో చేసిన కొలివా పంచుతారు. చివర్లో ప్రకటనలు తప్పక వినండి: ఎవరికి గది కావాలి, ఎవరికి పని పోయింది, ఏ వ్యాను ఏ రోజు కదులుతుంది. ఈ ఊరి రుమేనియన్లకు ఉద్యోగ కార్యాలయం ఇదే.

మధ్యాహ్నం ‘రుమేనియా సరుకులు’ అని రాసున్న దుకాణానికి వెళ్లండి. తెలెమెయా జున్ను, మాంసం కూరిన సర్మాలె చుట్టడానికి పులిసిన కాబేజీ ఆకులు, మొక్కజొన్న పిండి, నిప్పుల మీద కాల్చుకునే మాంసపు ముద్దలు మిచ్. కౌంటరు మీద ఫొటో అతికించిన అట్టపెట్టె ఒక్కోసారి ఉంటుంది, అది శవాన్ని ఇంటికి పంపడానికి చందా. కాన్సులేట్ నుంచి శవ రవాణా పత్రం, ఆసుపత్రి మరణ పత్రం, సీలు వేసిన జింకు పేటిక, వేల కిలోమీటర్ల బండి బాడుగ. దహనం చేస్తే ఖర్చు బాగా తగ్గుతుంది, కానీ వాళ్ల చర్చి దహనాన్ని అంగీకరించదు. అందుకే జనం బీమా సంస్థల శవ రవాణా పాలసీ నెల నెలా కట్టుకుంటారు. ఒంటరిగా వచ్చిన మగవాళ్లు దీన్ని వాయిదా వేస్తారు, చివరికి వాళ్ల ఫొటోయే ఆ పెట్టె మీదికి వస్తుంది.

ఏడో రోజు, సోమవారం: తోట, బట్టీ, కార్యాలయం

చీకటితోనే కోత ముఠాలు కూడళ్ల దగ్గర పోగవుతాయి. వలెన్సియా వైపు ముఠాను కొల్లా అంటారు. క్లెమెంటైన్ కమలాలు అక్టోబరు నుంచి జనవరి దాకా కోస్తారు. పండును లాగకూడదు. చిన్న కత్తెరతో, తొడిమె కింది ఆకుపచ్చ రేకులు పండుకే ఉండేలా, కాడ మాత్రం మిగలకుండా కత్తిరించాలి. కాడ మిగిలితే పెట్టెలో పక్క పండును గుచ్చుతుంది, ఆ గాటులో ఆకుపచ్చ బూజు పట్టి పెట్టె మొత్తం పోతుంది. మంచు తడి ఆరక ముందు కోసినా తొక్క మచ్చలు పడుతుంది. అందుకే తోటకు ఏడింటికి చేరినా కోత తొమ్మిదిన్నరకో పదింటికో మొదలవ్వచ్చు. కూలి కిలోల లెక్కన అయితే ఆ వేచి ఉన్న గంటలు ఎవరి ఖాతాలోనూ పడవు. వాన పడితే ఆ రోజు లేనట్టే. విదేశాల్లో పనిచేసే రుమేనియన్లందరినీ కలిపి ‘కప్షునారి’, స్ట్రాబెర్రీ కోసేవాళ్లు, అని రుమేనియాలోనే కొందరు ఎగతాళిగా పిలుస్తారు. ఒక్క ఉదయం ఆ కత్తెర పట్టి చూస్తే ఆ మాట నోట రాదు.

ఊరి వెనక ఓందా, లల్కోరా, విలా-రెయాల్ వైపు పలకల ఫ్యాక్టరీలు. స్పెయిన్ సిరామిక్ పలకల్లో అత్యధిక భాగం ఈ జిల్లాలోనే తయారవుతుంది. మట్టిని పొడి చేసి, ప్రెస్సులో అదిమి, ఆరబెట్టి, గ్లేజు పూసి, రోలర్ల మీద 1,100 నుంచి 1,200 డిగ్రీల కొలిమిలోకి పంపుతారు. కొలిమి ఆర్పడానికి, మళ్లీ వెలిగించడానికి ఖర్చెక్కువ కాబట్టి మూడు షిఫ్టులూ నడుస్తుంది. తర్గోవిష్టెలో ఉక్కు కొలిమి చూసిన చేతులు ఇక్కడ త్వరగా కుదురుకున్నాయి. ప్రెస్సుల దగ్గర మట్టి పొడిలోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. గుడ్డ కట్టుకుంటే చాలదు, సరైన వడపోత మాస్కు అడిగి తీసుకోవాలి. 2008లో ఇళ్ల బుడగ పేలగానే మొదట ఆగింది ఈ పలకలే. 2011 జూలైలో స్పెయిన్ కొత్తగా వచ్చే రుమేనియన్లకు మళ్లీ పని అనుమతి పెట్టింది. కొందరు జర్మనీ, ఇంగ్లండ్ దారి పట్టారు. ఆ రెండు దేశాలూ 2014 జనవరి 1న పూర్తిగా తలుపు తెరిచాయి.

పదకొండింటికి కార్యాలయాల వైపు. మొదటిది పద్రోన్, పురపాలక సంఘంలో చిరునామా నమోదు. అద్దె పత్రం కావాలి. ఇంటివాళ్లు నమోదుకు ఒప్పుకోకపోవడమే ఇక్కడ పెద్ద చిక్కు, పద్రోన్ లేనిదే ఆరోగ్య కార్డు, బడి సీటు కష్టం. డబ్బు తీసుకుని చిరునామా అమ్మేవాళ్లున్నారు, పట్టుబడితే నమోదు కొట్టేస్తారు. రెండోది, మూడు నెలలు మించి ఉండేవాళ్లకు యూరప్ పౌరుల నమోదు పత్రం: ఈఎక్స్-18 ఫారం, 790 ఫారం కోడ్ 012తో కట్టిన రుసుము రసీదు, పాస్‌పోర్టు లేదా బులెతిన్, పని ఒప్పందం. అపాయింట్‌మెంట్ ముందే తీసుకోవాలి. విదేశీయుల గుర్తింపు సంఖ్య ఈ ఆకుపచ్చ కాగితం మీదే వస్తుంది.

పాదోవాలో చూసిన రోగం ఇక్కడ వేరే రూపంలో ఉంటుంది. వ్యవసాయ కూలీకి పనిచేసిన రోజుల సంఖ్యను యజమాని సామాజిక భద్రతకు తెలపాలి. ఇరవై రోజులు చేయించుకుని ఎనిమిది రాసేవాళ్లున్నారు. తన పేరున నమోదైన పని కాలమంతా చూపే ‘వీదా లబొరాల్’ అనే పత్రాన్ని ఫోనులోనే ఉచితంగా దించుకోవచ్చు. కోత కాలంలో నెలకొకసారి చూసుకుంటే రెండో నెలలోనే గొడవపడవచ్చు, అయిదేళ్ల తర్వాత చూస్తే యజమానీ ఉండడు, సాక్షీ ఉండడు.

ఎందుకింత పట్టుదల అంటే పింఛను. యూరప్ నియమం 883/2004 ప్రకారం రుమేనియా, ఇటలీ, స్పెయిన్‌లో కట్టిన కాలాలను కలిపి అర్హత చూస్తారు, తర్వాత ఏ దేశం తన వంతు అది చెల్లిస్తుంది. స్పెయిన్‌కు 15 ఏళ్లు, ఇటలీకి మామూలుగా 67 ఏళ్ల వయసులో 20 ఏళ్ల చందా కావాలి. తర్గోవిష్టెలో ఎనిమిది, ఇటలీలో ఏడు, స్పెయిన్‌లో పది చేసిన మనిషి ఒక్కో దేశంలో విడిగా చూస్తే ఎక్కడా అర్హుడు కాడు, కలిపితే మూడు చోట్లా అవుతాడు. నివాసమున్న దేశంలో ఒక్క దరఖాస్తు పెడితే అదే మిగతావాటికి వెళ్తుంది. రుమేనియా భాగానికి ఉద్యోగ వివరాలు రాసిన పాత కార్నెత్ దె ముంకా పుస్తకం కావాలి. 2011 జనవరి 1న రద్దయింది కదా అని పారేసినవాళ్లు మూతపడిన ఫ్యాక్టరీ రికార్డుల కోసం ఆర్కైవుల చుట్టూ తిరుగుతున్నారు. ఇంటికి ఫోన్ చేసి ఆ పుస్తకం ఏ బీరువాలో ఉందో ఈ రాత్రే అడగమని ప్రతి ఒక్కరికీ చెప్పండి.

ఊళ్లో రుమేనియా కాన్సులేట్ ఉంది. పౌరులకు దాని సేవల రుసుములు 2017లో ఎత్తేశారు. ఓటు సంగతి కూడా ఇక్కడే. 2014 నవంబరులో విదేశాల్లో పోలింగు కేంద్రాల ముందు గంటల తరబడి నిలబడి, ఓటు వేయకుండానే వెనుదిరిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. 2019 నుంచి అధ్యక్ష ఎన్నికల్లో బయటివాళ్లకు మూడు రోజులు ఇచ్చారు. 2025 మే నెల రెండో విడతలో విదేశాల నుంచి పడ్డ ఓట్లు 16 లక్షలు దాటాయి. నికుషోర్ దాన్ గెలిచినా స్పెయిన్, ఇటలీల్లోని రుమేనియన్లలో ఎక్కువమంది ఆయన ప్రత్యర్థి జార్జె సిమియోన్‌కే ఓటేశారు. ఇన్నేళ్లు తమను డబ్బు పంపే చేతులుగానే చూశారన్న కోపం ఆ ఓట్లలో చాలా ఉంది. దాన్ని వినకుండా తిట్టడం తేలిక.

ఎనిమిదో రోజు, మంగళవారం: అల్కలా, కోస్లాదా

రైల్లో వలెన్సియా మీదుగా మాడ్రిడ్, అక్కణ్నుంచి లోకల్ రైలు. అల్కలా దె ఎనారెస్ నుంచి తొర్రెహోన్, కోస్లాదాల మీదుగా రాజధానికి వచ్చే ఈ లైను పొడవునా రుమేనియన్లు ఉన్నారు. దొబ్రొతెష్టి నుంచి 1990లలో మొదట కోస్లాదా చేరినవాళ్లలో ప్రొటెస్టెంటు శాఖ అయిన అడ్వెంటిస్టు కుటుంబాలు ముఖ్యం. స్పెయిన్‌లోని తోటి విశ్వాసులు తొలి గదులు, తొలి పనులు చూపించారు. తర్వాత ఆర్థొడాక్స్ ఇరుగుపొరుగులు వెంట వచ్చారు.

2004 మార్చి 11 ఉదయం బాంబులు పేలింది ఈ లైను రైళ్లలోనే, పనికి వెళ్లే వేళ. చనిపోయిన విదేశీయుల్లో అందరికన్నా ఎక్కువ మంది రుమేనియన్లు, 16 మంది. అప్పటికి చాలామందికి కాగితాలు లేవు. బాధితులకూ వాళ్ల కుటుంబాలకూ స్పెయిన్ నివాస హక్కు, పౌరసత్వానికి దారి ఇచ్చింది. మాడ్రిడ్‌లోని అతోచా స్టేషన్‌లో ఆ మృతుల కోసం కాసేపు ఆగకుండా ఈ యాత్ర చేయకూడదు.

కోస్లాదా వీధుల్లో వినిపించే రుమేనియన్‌లో నిరుద్యోగ భృతి ‘పారో’, పురపాలక సంఘం ‘అయుంతామియెంతో’. ఆ పనులు మొదటిసారి ఎదురైంది స్పానిష్‌లో గనుక మాటలూ అవే నిలిచాయి. అటు రుమేనియాలో ఖాళీ అయిన పనులకు ప్రభుత్వం 2022 నుంచి 2025 దాకా ఏడాదికి లక్ష మంది బయటి కార్మికులను అనుమతించింది. నేపాల్, శ్రీలంక, బంగ్లాదేశ్‌లతో పాటు మన దేశం నుంచి కూడా వెళ్తున్నారు. అక్కడి రాజధాని బుకురెష్ట్ భవనాల మీద ఇటుక పేర్చే మనవాళ్లకు గంటలు, కాగితం, డైరీ గురించి పైన చెప్పినదంతా వర్తిస్తుంది.

సాయంత్రం పారిశ్రామిక వాడ పార్కింగులో తిరుగు వ్యాను నింపుతుంటారు. ఆలివ్ నూనె డబ్బాలు, కాఫీ, బట్టల సబ్బు పొడి, పిల్లల బూట్లు, ఒక సైకిలు. డ్రైవరు ప్రతి పెట్టె తూచి, నోటుబుక్కులో ఊరి పేరు రాసుకుంటాడు. అడుగున, దుప్పట్లో చుట్టి, నిరుటి జకూస్క సీసాలు. కడిగి, ఆరబెట్టి, మూతలు విడిగా కట్టి ఉంటాయి. మూతలు మాత్రం తర్గోవిష్టెలో కొత్తవి కొంటారు. రెండోసారి వాడితే గాలి చొరబడుతుంది.